పలకకుండా తలుపు కొట్టిన మనిషి

మా ఊరి పెద్దల కమిటీకి ఎవరి మీదైనా కోపం వస్తే కొట్టదు, తిట్టదు. డప్పు చాటిస్తుంది. ఫలానా ఇంటివాళ్ళతో ఎవరూ మాట్లాడొద్దు, వాళ్ళను కూలికి పిలవొద్దు, వాళ్ళు పిలిస్తే పోవద్దు. కిరాణా కొట్టులో సామాను ఇవ్వొద్దు, మంగలి గడ్డం గీయొద్దు, ఆటోలో ఎక్కించుకోవద్దు. నోరు జారి ఎవరైనా పలకరిస్తే జరిమానా. జరిమానా కట్టనంటే వాళ్ళ ఇంటి ముందు కూడా అదే డప్పు. మా ఊరు ఆర్మూరుకు పెద్ద దూరమేమీ కాదు, ఆటోలో కూర్చుని ఒక ఫోన్ మాట్లాడేలోపు వచ్చేస్తుంది. ఆర్మూరులో ఠాణా ఉంది, కోర్టు ఉంది, నల్లకోట్ల వకీళ్ళు బోలెడుమంది ఉన్నారు. అయినా ఊరి పొలిమేరలో అడుగు పెట్టగానే కమిటీ మాటే మాట. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను కాబట్టి అదొక వింత అని కూడా నాకు తోచేది కాదు. ఏటా ఎవరో ఒకరి ఇంటికి డప్పు పడేది, కొన్నాళ్ళకు వాళ్ళు పోయి కట్టి వచ్చేవాళ్ళు, మళ్ళీ అందరూ మాట్లాడుకునేవాళ్ళు.

ఆ డప్పు జర్మనీ దాకా వినపడుతుందని ఎవరైనా నాతో అని ఉంటే, నీకేమైనా దయ్యం పట్టిందా అని అడిగేదాన్ని.

నేను ఆర్మూరులో ఒక ల్యాబులో రక్తం తీసే పని చేస్తాను. టౌన్లోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉంటాను. మా అమ్మ పోయేనాటికి చెల్లెలు ఇంకా పలక పట్టుకుని బడికి పోయే పిల్ల. పొలం బాపు చూసుకున్నాడు, పిల్లను నేను చూసుకున్నాను. నా నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది. అబద్ధం కాదు. ఆ నోటితోనే దాన్ని పెంచాను. బళ్ళో సారు కొడితే పోయి నిలదీసింది నేను. కండక్టరు చిల్లర ఎగ్గొడితే బస్సు ఆపించింది నేను. దానికి జ్వరమొస్తే ఎక్కడ నొప్పో, ఎప్పటినుంచి నొప్పో డాక్టరుకు చెప్పింది కూడా నేనే. పక్కన నిలబడి తల ఊపడమే దాని పని. నోరు తెరవాల్సిన అవసరం లేకుండానే ఎదిగింది పిల్ల.

మాస్టర్స్ చదవడానికి జర్మనీ పోతానని అన్నప్పుడు బాపు ససేమిరా అన్నాడు. మా పక్కింటి అమ్మాయి అప్పటికే అక్కడ చదువుతోందని, ఆమె ఉండే ఫ్లాట్లోనే ఒక గది ఖాళీ ఉందని తెలిశాక మెత్తబడ్డాడు. "మనూరి పిల్లలే ఉన్నరట. మనోళ్ళ నడుమ ఉంటది, ఇగ ఫికరెందుకు?" అని తనే విమానాశ్రయం దాకా వచ్చి ఎక్కించాడు. ఆ ఫ్లాట్లో మొత్తం నలుగురు. మా చెల్లెలు, పక్కింటి అమ్మాయి, మా ఊరి కమిటీ పెద్దమనిషి మనవరాలు, నవీపేట్ నుంచి వచ్చిన ఇంకో అమ్మాయి. వీళ్ళలో పక్కింటి అమ్మాయి మాకు కొత్తది కాదు. మా చెల్లెలూ అదీ ఒకే కంచంలో తిని, ఒకే చాపలో పడుకుని పెరిగారు.

మొదట్లో వీడియో కాల్ చేస్తే అది జర్మనీయో మా వాడకట్టో తెలిసేది కాదు. వెనకాల కుక్కరులో అన్నం పొంగుతుండేది, ఎవరో ఒకరు తొక్కు సీసా మూత రావడంలేదని అరుస్తుండేవాళ్ళు. పాఠాలు ఇంగ్లీషులోనే కాబట్టి చదువుకు ఇబ్బంది లేదు. కానీ కాలేజీ గేటు దాటితే ఊరంతా జర్మనే. బ్యాంకుకు పోవాలన్నా, ఆఫీసులో పేరు నమోదు చేయించాలన్నా, డాక్టరు దగ్గరికి పోవాలన్నా పక్కింటి అమ్మాయే వెంట పోయి మాట్లాడేది. "ఏమే పోరీ, గక్కడి భాష జరంత నేర్చుకుంటున్నవా లేదా?" అని అడిగితే మా చెల్లెలు నవ్వేది. "ఎందుకక్కా, ఇది ఉన్నది గద" అని ఫోను అటు తిప్పేది. "ఔనక్కా, ఉన్న గద, నాకు జీతమియ్యుమని చెప్పు నీ చెల్లెకు" అని అది ఎగతాళి చేసేది. నేనూ నవ్వేదాన్ని. నా పని ఇంకొకరు అందుకున్నారని నాకు నిమ్మళంగా ఉండేది.

ఆ ఏడు చలికాలంలో, పసుపు తవ్వకాలు మొదలయ్యే రోజుల్లో జరిగింది ఇది. అప్పటికే మా ఊళ్ళో కూలి చేసుకు బతికే ఒకామె ఇంటికి డప్పు పడి ఉంది. ఇంటి జాగ తగాదాలో ముందు కమిటీకి చెప్పకుండా ఠాణాకు పోయిందట, అదే ఆమె చేసిన నేరం. ఊళ్ళో పని లేక పక్క ఊళ్ళకు కూలికి పోతుండేది. ఒక సాయంత్రం పని నుంచి వస్తుంటే గట్టు మీద పాము కరిచింది. కాలు పట్టుకుని రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తితే ఒక్క ఆటో ఆగలేదు. ఆటోవాళ్ళంతా మా ఊరివాళ్ళే మరి, ఆమె ఎవరో తెలుసు. వెనక బాపు బండి మీద వస్తున్నాడు. ఎక్కించుకుని సీదా ఆర్మూరులో మా ల్యాబు ఉన్న దవాఖానకు తెచ్చాడు.

ఆమె రక్తం నేనే తీశాను. విషం ఎక్కితే రక్తం గడ్డకట్టదు, అందుకని గాజు గొట్టంలో పోసి చూస్తాం. ఆ గొట్టం ఎదురుగా కూర్చుని నేను చూస్తున్నది మాత్రం బాపు మొహం. "ఊళ్ళె ఎవలన్న చూసిండ్రా బాపూ?" అన్నాను మెల్లగా.

"సూస్తే సూడనీ. సచ్చేదాన్ని రోడ్డు మీద ఇడిసిపెట్టి పోతనా?"

ఆమె బతికింది. కాలి వాపు తగ్గకముందే మా ఇంటి ముందు డప్పు మోగింది.

తప్పయిందని నలుగురి ముందు చెప్పి జరిమానా కడితే ఇక్కడితో ఆగిపోతుందని కమిటీ కబురు పంపింది. బాపు కట్టనన్నాడు. "తప్పు జేసినోడు కడ్తడు. నేనేం తప్పు జేసిన?" అన్నాడు. కమిటీ పెద్దమనిషి మా గోడ అవతల నిలబడి, ఎవరితోనో అంటున్నట్టు గట్టిగా అన్నాడట: "ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!" నాకు ఒళ్ళు మండింది కానీ, నిజం చెప్పాలంటే బాపును చూసి గర్వంగా కూడా అనిపించింది. ఉప్పూ పప్పూ ఆర్మూరు నుంచి నేనే తీసుకుపోయేదాన్ని. ఎన్నాళ్ళు చేస్తారో చూద్దాం అనుకున్నాను.

పసుపు తవ్వడానికి ఒక్క కూలి రాలేదు. ఉడకబెట్టే మిషన్ అతను సగం దారి వచ్చి, ఎవరో ఫోన్ చేస్తే వెనక్కి తిప్పుకుపోయాడు. వచ్చింది ఎవరంటే ఆ పాము కరిచినామె, ఆమె భర్త. డప్పు పడ్డ ఇంటికి డప్పు పడ్డ ఇల్లు ఒకటే చుట్టం. ఇంకా సరిగ్గా మోపలేని కాలితో మడి మీద కూర్చుని కొమ్ములు విరిచేది ఆమె. బాపు అటక మీదున్న పాత ఇనప కాగు దింపి, తన చిన్నతనంలో ఉడకబెట్టినట్టు కట్టెల మీద ఉడకబెట్టాడు. ఆదివారాలు నేనూ పోయేదాన్ని. పొలం పక్క దారిలో ఊరివాళ్ళు పోతుండేవాళ్ళు. చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకున్నవాళ్ళు, మా అమ్మ పాడె మోసినవాళ్ళు. ఎవరి మొహంలోనూ కోపం లేదు. మేము లేనట్టే, అక్కడ వట్టి చేనే ఉన్నట్టు చూసుకుంటూ పోయేవాళ్ళు. తిట్టినా బాగుండేది. కోపం లేకుండా ఇంత సులభంగా మనుషులు ఇట్లా ఎట్లా చేయగలుగుతారా అని నాకు భయం పట్టుకుంది.

అట్లాంటి ఒక ఆదివారమే చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, వీళ్ళు నాతోని మాట్లాడ్తలేరు."

పొద్దున లేచి చాయ్ పెట్టనా అని అడిగితే ఎవరూ పలకలేదట. చెవుల్లో పాటలు పెట్టుకున్నారేమో అనుకుందట. సాయంత్రం చూస్తే కుక్కరులో అన్నం ముగ్గురికే ఉంది. కమిటీ పెద్దమనిషి మనవరాలు దీని భుజం రాసుకుంటూ పోయి కూడా కళ్ళు ఇటు తిప్పలేదు. పక్కింటి అమ్మాయి చెయ్యి పట్టుకుని "ఏమైందే?" అని ఊపితే, కళ్ళ నిండా నీళ్ళు తెచ్చుకుని చెయ్యి విడిపించుకుని తన గదిలోకి పోయి గొళ్ళెం పెట్టుకుంది.

"జర్మనీల గూడ డప్పు గొట్టిండ్రానే?" అని అరిచాను. అరిచి, నవ్వాను కూడా.

విషయం ఏమిటంటే, ఆ మనవరాలు రోజూ ఇంటికి ఫోన్ చేస్తుంది. అక్కడ ఎవరు ఎవరితో మాట్లాడారో ఇక్కడ తాతకు తెలుస్తుంది. పక్కింటి పెద్దమ్మ తన బిడ్డకు ముందే చెప్పుకుందట, నువ్వు అక్కడ ఒక్క మాట మాట్లాడితే ఇక్కడ మన ఇంటి మీద పడుతుంది అని. నవీపేట్ అమ్మాయికి మా ఊరితో ఏ సంబంధమూ లేదు. పాపం మొదట్లో ఒకటి రెండు మాటలు మాట్లాడింది. తరువాత తను కూడా అన్నం కుక్కరు ఎటుంటే అటే జరిగింది. ఉప్పు కావాలంటే డబ్బా దీని ముందుకు నెట్టేవాళ్ళట. మాట మాత్రం లేదు.

బాపుకు చెప్పాను. "పిల్లలు గదనే, ఎన్ని దినాలుంటరు మాట్లాడకుండ? జర ఓపిక పట్టుమను" అన్నాడు. ఆయన నిజంగానే అట్లా నమ్మాడు. నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. తిండి లేకపోయినా నెట్టుకొస్తుంది నా చెల్లెలు. తన తరఫున మాట్లాడే మనిషి లేకపోతే దానికేమవుతుంది? దానికి నొప్పి వస్తే ఎవరికి చెబుతుంది? నన్ను తినేసిన బెంగ అదొక్కటే.

కొన్నాళ్ళకు చెల్లెలు ఏడుస్తూ ఫోన్ చేసింది. "అక్కా, ఇయ్యాల ఒకామె నన్ను తిట్టింది."

"ఎవతె అది?" అన్నాను లేచి నిలబడి.

కింది అంతస్తులో ఉండే ముసలమ్మ. ఆ దేశంలో చెత్త వేరుచేసి రంగురంగుల డబ్బాల్లో వేయాలి. ఆ సంగతులన్నీ అంతవరకూ పక్కింటి అమ్మాయే చూసుకునేది కాబట్టి దీనికి తెలియదు. చాయ్‌పత్తీ పిప్పి తీసుకుపోయి కాగితాల డబ్బాలో గుమ్మరించింది. ముసలమ్మ కర్ర పట్టుకుని బయటికి వచ్చి దులిపేసింది. "ఒక్క ముక్క సమజ్ కాలే అక్కా. అయినా నిలబడి మొత్తం ఇన్న. ఒక మనిషి నా మొఖం చూసి మాట్లాడక ఎన్ని దినాలాయె!" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపులోనే సంతోషం కూడా ఉంది.

మరునాడు చెల్లెలే పోయి ఆ ముసలమ్మ తలుపు కొట్టి, చెత్త ఎట్లా వేయాలో చూపించమని సైగలు చేసిందట. ముసలమ్మ ఒక్కొక్కటి ఎత్తి చూపించి దాని పేరు చెప్పింది. సీసా, కాగితం, గుడ్డు పెంకు, ఆలుగడ్డ తొక్క. అవే మా చెల్లెలు నేర్చుకున్న మొదటి జర్మన్ మాటలు. ఆ తరువాత రోజూ సాయంత్రం కిందికి పోవడం, ముసలమ్మ వంటింట్లో కూర్చోవడం, తప్పు మాట్లాడితే ఆమె చెంచాతో బల్ల మీద కొట్టడం. పై అంతస్తులో నోరు మూసుకుని బతకాల్సిన పిల్ల, కింద ఆకలిగొన్నదానిలా ఆ భాష తింది. ఇన్ని నెలల్లో రానిది కొన్ని వారాల్లో వచ్చేసింది. ఒక రొట్టెల దుకాణంలో కౌంటరు దగ్గర పని కూడా దొరికింది. ఒకసారి నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరికో జవాబు చెప్పింది. గట్టి గొంతు, తడబాటు లేదు. ఫోన్ ఇంకెవరి చేతికో పోయిందనుకుని "హలో, మా చెల్లెకియ్యండి" అన్నాను.

"నేనే అక్కా" అని నవ్వింది.

సంతోషించాను. ఎందుకు సంతోషించను? కానీ ఆ నవ్వు తరువాత అది ఇంటి సంగతులు అడగడం తగ్గించింది. అంతకుముందు వీడియోలో గుట్ట చూపించు, బస్టాండు చూపించు, కల్లంలో ఆరబోసిన పసుపు చూపించు అని ప్రాణం తీసేది. ఇప్పుడు నేను చూపించబోయినా "సరే అక్కా, మల్ల చూస్త" అనేది. దుకాణంలో ఎవరైనా మీదే ఊరు అని అడిగితే ఇండియా అని ఊరుకుంటుందట. ఆర్మూరు అని చెప్పొచ్చు గదనే అంటే, "చెప్తే ఇంకోటి అడుగుతరు అక్కా. మీ ఊరోళ్ళెట్లుంటరు అని అడుగుతరు" అంది.

ఒక రాత్రి కడుపు నొప్పిగా ఉందంది. వాము నమలమన్నాను. మరునాడు పొద్దున ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. తరువాత చేస్తే స్విచాఫ్ వచ్చింది. పక్కింటి అమ్మాయికి చేశాను. మనవరాలికి చేశాను. నవీపేట్ అమ్మాయికి చేశాను. దానికి బాగాలేదేమో, ఒక్కసారి చూడండి తల్లీ అని ముగ్గురికీ మెసేజి పెట్టాను. చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు లేదు. ముసలమ్మ నంబరు నా దగ్గర లేదు, ఉన్నా ఆమెకు నేనేం చెప్పగలను? ఇంతమందికి నోరైన దాన్ని, ఆ రోజు నా నోరు ఎందుకూ పనికిరాలేదు.

మధ్యాహ్నం ల్యాబులోకి పక్కింటి పెద్దమ్మ వచ్చింది. షుగరు పరీక్షకు. పక్కన కమిటీ పెద్దమనిషి కోడలు. నన్ను చూసి ఇద్దరూ గుమ్మంలో ఒక్క క్షణం ఆగారు. ఆ పూట రక్తం తీసేది నేనొక్కదాన్నే, వేరే దారి లేదు.

"తిని ఎంతసేపయింది పెద్దమ్మా?" అని అడిగాను.

పెద్దమ్మ గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చుంది. కోడలు ఆమె వైపు తిరిగి, నాకు వినపడేట్టు "రెండు గంటలాయె గదా నువ్వు తిని?" అంది.

చేతికి రబ్బరు కట్టాను. తల వంచుకుని నరం వెతుకుతూ అన్నాను. "పెద్దమ్మా, నువ్వు జవాబు చెప్పకు. ఇను చాలు. ఇనొద్దని డప్పుల చెప్పలే గదా. నా చెల్లె ఫోన్ ఎత్తుతలేదు. రాత్రి కడుపునొప్పి అన్నది. నీ బిడ్డ గోడకవతలనే ఉంటది. ఒక్కసారి తలుపు కొట్టుమను. నీ కాళ్ళు మొక్కుత, ఒక్కసారి కొట్టుమను."

పెద్దమ్మ చెయ్యి నా చేతిలో మంచుగడ్డలా ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు జారి చీర మీద పడుతున్నాయి, తుడుచుకోలేదు. కోడలు "అయిపోయిందా వదినె?" అని ఆమెనే అడిగింది. దూది అదుముకుని లేచి, ఇద్దరూ వెళ్ళిపోయారు. నేను వెయిటింగ్ హాల్లోకి ఉరికి "మీరు మనుషులేనా? మీ నోళ్ళల్ల మన్నువడ!" అని అరిచాను. పరీక్షలకొచ్చిన జనమంతా నన్నే చూశారు. ల్యాబు ఓనరు లోపలికి పిలిచి గడ్డి పెట్టాడు.

తరువాత ఏం జరిగిందో చెల్లెలు చెబితే తెలిసింది.

పెద్దమ్మ నా మాట విన్నది. ఆర్మూరు బస్టాండులో కోడలు పక్కకు పోయిన సందు చూసుకుని బిడ్డకు ఫోన్ చేసింది. చేసి చెప్పిందట: "తలుపు కొట్టు. కని మాట్లాడకు."

చెల్లెలు అప్పటికి ఒళ్ళు కాలిపోయే జ్వరంతో, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడి ఉంది. ఫోను ఎక్కడో పడిపోయి ఛార్జింగు అయిపోయింది. ఇంట్లో మాటలు ఆగినప్పటినుంచి గదికి లోపల గడియ పెట్టుకోవడం అలవాటైంది దానికి. తలుపు చప్పుడైంది. "ఎవరు?" అంది. జవాబు లేదు. మళ్ళీ చప్పుడు. "ఎవరది?" అని తెలుగులో అడిగింది, జర్మన్లో అడిగింది. జవాబు లేదు. తలుపు కింది సందులోంచి రెండు పాదాల నీడ కనిపిస్తోంది, కదలడంలేదు. మళ్ళీ చప్పుడు. "అక్కా, లేచి తలుపు తీసేంత శక్తి అప్పటికింక ఉన్నది నాకు," అంది చెల్లెలు. "కని తియ్యలే. పలుకకుండ తలుపు కొట్టే మనిషి మంచికొచ్చిందని ఎట్ల అనుకోవాలె? దుప్పటి కప్పుకుని ఊపిరి బిగవట్టి పడుకున్న, అది పోయేదాక."

ఆ పాదాలు చాలాసేపు నిలబడి, వెళ్ళిపోయాయి.

పక్కింటి అమ్మాయి ఏడుస్తూ కిందికి పోయి ముసలమ్మ తలుపు కొట్టింది. మాట్లాడొద్దన్నది మా చెల్లెలితో కదా, ముసలమ్మతో కాదు కదా. పైన పిల్లకు బాగాలేదని జర్మన్లో చెప్పింది. "నీకు నోరు లేదా? నువ్వే పిలవొచ్చు కదా!" అని ముసలమ్మ కసిరి, మెట్లెక్కి వచ్చి, కర్రతో తలుపు మీద బాదుతూ పేరు పెట్టి పిలుస్తూ తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు విని చెల్లెలు గడియ తీసి అక్కడే కూలిపోయింది. అంబులెన్సులో ఎక్కడ నొప్పో, ఎప్పటినుంచి నొప్పో, ఏం తిన్నదో అన్నీ తనే చెప్పుకుంది. కడుపులో అపెండిక్స్ పగిలిపోయిందని ఆపరేషన్ చేశారు. ఇంకా ఆలస్యమైతే దక్కేది కాదన్నారు.

పక్కింటి అమ్మాయి ఆసుపత్రికి వచ్చింది. బట్టలు, ఛార్జరు, మెత్తగా వండిన అన్నం డబ్బా తెచ్చి మంచం పక్కన పెట్టింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయట. "మాట్లాడవే. ఇక్కడ ఎవలు చూస్తున్నరే మనను?" అని మా చెల్లెలు బతిమిలాడింది. అది వద్దన్నట్టు తల ఊపి, దీని పాదం మీద ఒకసారి చెయ్యి పెట్టి, వెళ్ళిపోయింది. ఆ గదిలో ఇద్దరే ఉన్నారు. అయినా పలకలేదు.

సంగతి విని బాపు గట్టు మీద కూలబడ్డాడు. తెల్లారి ఉతికిన అంగీ వేసుకుని కమిటీ దగ్గరికి నడిచాడు. నేనూ వెంట పోయాను. తప్పయిందన్నాడు. అడిగింది కట్టాడు. అప్పుడు పెద్దమనిషి ఇంకో మాట అన్నాడు. "ఇగ గా ఇంటోళ్ళతోని నీకు మాట ఉండొద్దు, పని ఉండొద్దు. అందరి ముంగట ఒప్పుకో." అదే సమయంలో ఆ పాము కరిచినామె మా కల్లంలో పసుపు తిరగేస్తోంది. బాపు తల వంచుకుని నిలబడ్డాడు. నేను ఆయన మోచేయి పట్టుకుని గుంజాను.

"నీ చెల్లె బతకాలె గదనే" అని నాతో గొణిగి, వాళ్ళతో "సరే" అన్నాడు.

సాయంత్రం ఆమె మా వాకిట్లోకి వచ్చింది. "అన్నా, మబ్బు పట్టింది. పట్టా కప్పుదునా?" అని అడిగింది. బాపు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె కాసేపు గుమ్మం వైపు చూసింది. కల్లానికి పోయి పసుపు మీద పట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, తన కొంగు దులుపుకుని నడిచింది. నేను వెనకాల ఉరికి పిలిస్తే తిరిగి చూడకుండానే "ఒద్దు బిడ్డా. మల్ల మీకు పడ్తది" అంది.

ఊళ్ళో డప్పు వేసి, మా ఇంటితో మాట్లాడొచ్చని చాటారు. చెల్లెలు ఆసుపత్రి నుంచి ఫ్లాటుకు వచ్చేసరికి ఆ ముగ్గురూ గది ముందుకు వచ్చి "ఎట్లున్నవే? తిన్నవా?" అన్నారట. పోయిన కరెంటు మళ్ళీ వచ్చినట్టు, అంతే మామూలుగా. చెల్లెలు బట్టలు సర్దుకుని ముసలమ్మ ఇంట్లో ఖాళీగా ఉన్న చిన్న గదిలోకి మారిపోయింది.

కుట్లు మానాక ఒకరోజు అడిగింది, ఊళ్ళో సంగతి ఎట్లా సద్దుమణిగింది అని. నా నోట్లో నువ్వుగింజ నానదు. జరిగింది జరిగినట్టు అంతా చెప్పేశాను, పట్టా కప్పి పోయినామె సంగతితో సహా.

"అయితే బాపు ఆమెతోని మాట్లాడడా ఇగ?"

"ఎట్ల మాట్లాడ్తడే?"

"బాపుకు చెప్పు అక్కా. ఆమెతోని మాట్లాడిన నాడు నేను బాపుతోని మాట్లాడ్త."

నాకు తిక్క రేగింది. "నీ పాడుగాను! నీ కోసమే గదనే అంత మొక్కిండు? వాళ్ళు నీకు చేసిందే నువ్వు మల్ల బాపుకు చేస్తున్నవు, ఎరుకనేనా నీకు?"

"ఎరుకనే" అంది. గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. "కోపమొస్తే ముసలమ్మ తిడ్తది అక్కా. తిట్టి, మల్ల చాయ్ పోస్తది. నేను గూడ తిట్టి చూద్దామనుకున్న. నాకస్తలేదు. నాకు ఇదొక్కటే వచ్చు."

మొన్న బాపు పసుపు అమ్మడానికి ఆర్మూరు వచ్చి, పని అయ్యాక నా గదిలో అన్నానికి కూర్చున్నాడు. అప్పుడే దాని ఫోన్ వచ్చింది. నేను రెండు మాటలు మాట్లాడి, బాపు ఇక్కడే ఉన్నాడు అని చెప్పి ఆయన చేతికిచ్చాను. ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టుకుని ఎడమ చేత్తో చెవి దగ్గర పెట్టుకున్నాడు. "బిడ్డా, ఎట్లున్నవే? కుట్ల కాడ నొప్పేమన్న వస్తున్నదా? సలి బాగున్నదా?" అన్నాడు. ఆగాడు. అది ఫోన్ కట్ చేయలేదు. దుకాణంలో ఎవరో ఏదో అడుగుతుంటే, అది వాళ్ళకు ఆ భాషలో గణగణ జవాబు చెప్పడం నాకు కూడా వినిపించింది. ఆ తరువాత మళ్ళీ ఏమీ లేదు. "బిడ్డా" అన్నాడు బాపు ఇంకోసారి. కాసేపు చూసి, ఫోన్ నాకు తిరిగి ఇచ్చాడు.

"లైన్ మంచిగనే ఉన్నది" అన్నాడు.